మెరోవెక్ దగ్గర కాస్త ఆగమ్మా

అమ్మాయ్,

ఆశీస్సులు. పదిహేను వందల ఏళ్ల కిందట ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని ఏలిన ఫ్రాంకుల రాజు క్లోవిస్ వంశవృక్షం మీద నువ్వు పంపిన వ్యాసం ఫోన్‌లో చదవబోయాను. నా కళ్లతో అయ్యే పని కాదని తేలి, సందు చివర జిరాక్స్ షాపుకి వెళ్లి ప్రింట్ తీయించుకున్నాను. పద్నాలుగు పేజీలు. ఆఖరి పేజీలో నువ్వు గీసిన పటం కాగితానికి పట్టక పైభాగం తెగిపోయింది. ఎక్కడ తెగిందో తెలుసా? సరిగ్గా మెరోవెక్ పేరు మీద. ఆ మిషన్‌కి ఫ్రాంకుల చరిత్ర కాస్త తెలిసినట్టుంది.

వ్యాసంతో పాటు మెసేజ్ పెట్టావు. "ఇన్ని పేర్లు చెబుతుంటే చదివేవాళ్లకి బోరు కొడుతుందేమో మాస్టారూ, టెన్షన్‌గా ఉంది" అన్నావు. పేర్ల వల్ల నాకు బోరు కొట్టలేదు. పేర్లన్నిటినీ ఒకే గొంతుతో చెప్పావు, దానివల్ల కొట్టింది. నీ పటంలో ఫారమండ్, అతని కొడుకు క్లోడియో, అతని కొడుకు మెరోవెక్, అతని కొడుకు చిల్డెరిక్, అతని కొడుకు క్లోవిస్. అయిదు గడులు, వాటి మధ్య నాలుగు గీతలు, నాలుగూ ఒకే మందం. ఆ నాలుగు గీతల్లో గట్టిది ఒక్కటే.

నవ్వుతున్నాననుకోకు. ముప్పై ఏళ్ల కిందట నేనూ ఇదే పని చేశాను. ఒక వారపత్రికకి ఫ్రాంకుల మీద రాస్తూ ఫారమండ్‌తో మొదలుపెట్టి దర్జాగా కిందికి దిగాను. పత్రిక వచ్చిన పదిరోజులకి ఒక పోస్టుకార్డు వచ్చింది. "అయ్యా, ఫారమండ్‌ని తమరు ఎక్కడ చూశారు?" అంతే, సంతకం కూడా లేదు. ఒళ్లు మండింది. ఎక్కడ చూశానో చూపిద్దామని పుస్తకాలన్నీ తిరగేస్తే తేలిందేమిటంటే, ఫారమండ్ అనే రాజు కనబడేది 727లో రాసిన ఒక చరిత్రలో. అతను బతికాడని చెప్పే కాలానికి అది మూడు వందల ఏళ్ల తర్వాతది. అంతకుముందే ఫ్రాంకుల రాజుల గురించి వెతికి వెతికి రాసిన తూర్ నగరపు బిషప్ గ్రెగరీ ఆ పేరే ఎత్తలేదు. ఆ కార్డు చాలాకాలం నా డెస్కు మీదే ఉండేది.

కాబట్టి గీత గీసే ముందు, ఈ గీత ఎవరి మాట మీద గీస్తున్నాం అని అడుగు. జవాబు వ్యాసంలోనే పెట్టు. వంశవృక్షం అంటే ఒక మనిషి నుంచి ఇంకో మనిషి పుట్టిన కథ ఒక్కటే కాదు. ఫలానావాడు ఫలానావాడికి పుట్టాడని ఎవరు, ఎప్పుడు, ఎందుకు చెప్పారన్న కథ కూడా. ఆ రెండో కథ నీ పద్నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు.

గట్టి గీత సంగతి ముందు చూద్దాం. చిల్డెరిక్ నుంచి క్లోవిస్‌కి వచ్చే గీత. "చిల్డెరిక్ సమాధి తుర్నేలో బయటపడింది" అని ఒక్క వాక్యం రాసి దాటిపోయావు. అయ్యో, అక్కడ కదా ఆగాల్సింది! 1653 మే 27న, ఇప్పుడు బెల్జియంలో ఉన్న తుర్నే ఊళ్లో, సెయింట్ బ్రీస్ చర్చి పక్కన పునాదుల కోసం తవ్వుతున్నారు. చెవులు వినబడని ఒక తాపీమేస్త్రీ పలుగు దేనికో తగిలింది. వందకు పైగా బంగారు నాణేలు, రెండు వందల వెండి నాణేలు, ఎర్రరాళ్లు పొదిగిన కత్తి పిడి, అలాంటి రాళ్లే రెక్కల్లో పొదిగిన బంగారు తేనెటీగలు మూడు వందల దాకా. వాటి మధ్య ఒక ఉంగరం. దాని మీద జుట్టు భుజాల దాకా వదిలి, చేత బల్లెం పట్టిన మనిషి. చుట్టూ లాటిన్ అక్షరాలు, మైనం మీద నొక్కితే సరిగ్గా పడేలా తిరగేసి చెక్కినవి. చిల్డెరికి రెగిస్. మన భాషలో ఒక్క ముక్కలో చెప్పాలంటే, "చిల్డెరిక్ రాజుది".

చూశావా, ఆ "ది" లో ఎంత బలం ఉందో. ఎవడో మూడు వందల ఏళ్ల తర్వాత చెప్పిన మాట కాదు. ఆ మనిషి వేలికి ఉండగా ఉత్తర్వుల మీద ముద్రలు వేసిన వస్తువు. దొరికిన నాణేల్లో కొత్తవి రోమన్ చక్రవర్తి జీనో కాలానివి. జీనో 474లో గద్దెనెక్కాడు, క్లోవిస్ 481లో రాజయ్యాడు, లెక్క సరిపోతోంది.

ఇంకో సంగతి. ఆ ఉంగరం ఇప్పుడు లేదు. నిధి వియన్నా వెళ్లి, అక్కణ్ణుంచి 1665లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి బహుమతిగా చేరింది. 1831 నవంబరులో పారిస్ గ్రంథాలయంలో దొంగలు పడి బంగారం చాలావరకు కరిగించేశారు. మరి ఉంగరం మీద ఏముందో మనకెలా తెలుసు? అది దొరికిన రెండేళ్లకే, 1655లో, షిఫ్లే అనే వైద్యుడు ఒక్కో వస్తువుకీ బొమ్మ గీయించి పుస్తకం వేశాడు. పాండిత్యం కొద్దీ ఆయన చేసిన ఊహలు చాలామటుకు కొట్టుకుపోయాయి. కళ్లతో చూసి గీయించినవి మిగిలాయి. నీ వ్యాసంలో ఊహలు తొమ్మిది పేజీలు, చూపించినవి అయిదు పేజీలు. నేను లెక్కపెట్టాను.

ఇప్పుడు జిరాక్స్ మిషన్ తెంపిన చోటికి వద్దాం. క్లోడియో నిజంగా ఉన్నాడు. అతని కాలంలోనే పుట్టిన సిడోనియస్ అనే కవి తన పద్యంలో అతని పేరెత్తాడు. చిల్డెరిక్ నిజంగా ఉన్నాడు, ఉంగరం సాక్ష్యం ఉంది. ఈ కొసా గట్టిదే, ఆ కొసా గట్టిదే. మధ్య ముడి మెరోవెక్. గ్రెగరీ అతని గురించి రాసింది ఒకే ఒక్క వాక్యం. మెరోవెక్ క్లోడియో వంశంవాడని కొందరంటారు, చిల్డెరిక్ అతని కొడుకు, అంతే. "కొందరంటారు" అన్న మాట గ్రెగరీ ఊరికే వెయ్యలేదు. "కొడుకు" అని కూడా అనలేదు, "వంశంవాడు" అన్నాడు. నువ్వు ఆ రెండు జాగ్రత్తలూ తీసేసి "క్లోడియో కుమారుడు మెరోవెక్" అని రాశావు. వంశం మొత్తానికి మెరోవింజియన్లని పేరు తెచ్చిన మనిషి గురించి మన దగ్గరున్న పాత సాక్ష్యం ఒక "అట". ఆ "అట"ని తుడిచేస్తే ఇంకేం మిగులుతుంది?

గ్రెగరీ తర్వాత రెండు తరాలకి, ఏడో శతాబ్దంలో, ఆ ఖాళీలో ఒక కథ మొలిచింది. ఫ్రెడెగార్ పేరుతో చెలామణి అయ్యే చరిత్రలో ఉందది (ఆ పేరు కూడా తర్వాతివాళ్లు తగిలించిందే). వేసవి మధ్యాహ్నం క్లోడియో భార్య సముద్రంలో స్నానం చేస్తుంటే క్వినోటార్ అనే వింత జంతువు లాంటి, సముద్రదేవుడు నెప్ట్యూన్ మృగం ఒకటి ఆమె మీదికి వచ్చిందట. ఆ మృగం వల్లో మొగుడి వల్లో ఆమె నెల తప్పింది, పుట్టినవాడు మెరోవెక్. నువ్వు దీన్ని "హాస్యాస్పదమైన కట్టుకథ" అని కొట్టిపారేశావు. కొట్టెయ్యకు. అది రాసినవాడి తెలివి చూడు, మృగమే తండ్రి అని ఒట్టు వెయ్యడు, మొగుడే అనీ అనడు. అదే పుస్తకం ఫ్రాంకుల పుట్టుకని గ్రీకు కథల్లోని ట్రాయ్ నగరం దాకా, ప్రియామ్ రాజు దాకా తీసుకెళ్తుంది. రోమన్లు తాము ట్రాయ్ నుంచి వచ్చామని చెప్పుకుంటుంటే ఫ్రాంకులు ఊరుకుంటారా? పాత గొప్పవాళ్లతో చుట్టరికం కలుపుకోవడం అన్నమాట.

క్లోవిస్ తల్లి బసీనాకి అన్యాయం చేశావు. "తల్లి: బసీనా" అని రెండు మాటలు వేసి వదిలేశావు. గ్రెగరీ చెప్పిన కథలో చిల్డెరిక్ సొంత మనుషుల ఆడపిల్లల జోలికి పోతే వాళ్లు తన్ని తరిమేశారు. పోయేముందు ఒక బంగారు నాణెం రెండు ముక్కలు చేసి సగం నమ్మకస్తుడి దగ్గర వదిలాడు, ఆ సగం తనకి చేరినప్పుడు తిరిగి రావచ్చని గుర్తు. ఎనిమిదేళ్లు తురింగియా రాజు దగ్గర తలదాచుకున్నాడు. నాణెం వచ్చింది, ఇంటికొచ్చాడు. వెనకాలే ఆ తురింగియా రాజు భార్య మొగుణ్ణి వదిలేసి వచ్చేసింది. ఎందుకొచ్చావంటే, నీ సత్తా నాకు తెలుసు, సముద్రం అవతల నీకన్నా సమర్థుడు ఉన్నాడని తెలిస్తే అతని దగ్గరికే వెళ్లేదాన్ని అంది. ఆ తల్లికి పుట్టినవాడు క్లోవిస్. ఇది నిజంగా జరిగిందని నేను చెప్పను. కానీ ఒక బిషప్పు, సన్యాసుల కథలూ సాధువుల కథలూ రాసినాయన, తన రాజవంశపు తల్లి నోట ఈ మాట పలికించాడంటే ఎంత బలంగా వినబడుతున్న కథ అయ్యుండాలి!

ఫ్రెడెగార్ ఇక్కడా తోకొకటి తగిలించాడు. పెళ్లిరాత్రి బసీనా మొగుణ్ణి మూడుసార్లు బయటికి పంపుతుంది. మొదట సింహాలు, చిరుతల లాంటివి కనిపిస్తాయి. రెండోసారి ఎలుగుబంట్లు, తోడేళ్లు. మూడోసారి కుక్కలూ చిన్నా చితకా జంతువులూ, ఒకదాన్నొకటి పీక్కుంటూ. మన సంతానం ఇలా దిగజారుతుంది అంటుంది ఆవిడ. రాసినవాడు ఆ దిగజారిన రాజుల కాలంవాడే, అందుకే జోస్యం అంత బాగా కుదిరింది.

ఇప్పుడు అసలు గొడవ. నీ పటం అంతా నిలువుగీతలే. అడ్డంగా ఎవరూ లేరు, క్లోవిస్‌కి అన్నదమ్ముల పిల్లలు, పినతండ్రుల సంతానం ఎవరూ లేనట్టు. వ్యాసంలో ఒకచోట "కొందరు బంధువులను హతమార్చాడు" అన్నావు. తెలుగులో "దాయాది" అనే మాట ఉండగా బంధువు ఎందుకమ్మా? వాటా అడగగలిగినవాడు దాయాది. క్లోవిస్ చంపింది వాళ్లని.

కొలోన్‌లో కుంటి సిగిబెర్ట్ అనే రాజు ఉన్నాడు. క్లోవిస్ అతని కొడుకు చెవిలో ఊదాడు, మీ నాన్న ముసలివాడు, కుంటివాడు, పోతే రాజ్యం నీదే కదా అని. కొడుకు తండ్రిని చంపించాడు. క్లోవిస్ మనుషులు వచ్చి, పెట్టెలో బంగారం అడుగుదాకా చెయ్యి పెట్టి చూపించమన్నారు. అతను వంగాడు, గొడ్డలి పడింది. కరారిక్ అనే ఇంకో రాజుకీ అతని కొడుక్కీ జుట్టు కత్తిరించి మతగురువుల్ని చేశాడు. వీళ్ల రాజులకి జుట్టే కిరీటం, కత్తెర పడితే రాజ్యం పోయినట్టే. తండ్రి ఏడుస్తుంటే కొడుకు అన్నాడట, పచ్చి చెట్టు కొమ్మలే నరికారు, మళ్లీ చిగురిస్తాయి అని. ఆ మాట క్లోవిస్ దాకా పోయింది. ఇద్దరి తలలూ పోయాయి. కంబ్రే రాజు రాగ్నకార్‌నీ అతని సోదరుణ్ణీ చేతులు కట్టి తెస్తే, మన వంశం పరువు తీశావు, కట్లు వేయించుకునే బదులు చావలేకపోయావా అని స్వయంగా నరికాడు. "మన వంశం" అన్నాడు చూడు, నరికే ముందు.

ఇదంతా అయ్యాక గ్రెగరీ ఒక దృశ్యం రాశాడు. క్లోవిస్ తనవాళ్లని కూర్చోబెట్టుకుని ఏడ్చాడట. పరాయివాళ్ల మధ్య బాటసారిలా మిగిలిపోయాను, ఆపదొస్తే ఆదుకునే నావాళ్లు ఒక్కరూ లేరు అని. వెంటనే గ్రెగరీ అంటాడు, అది దుఃఖంతో అన్న మాట కాదు, ఇంకా చంపాల్సినవాడు ఎవడైనా మిగిలున్నాడేమో కనుక్కోవడానికి వేసిన ఎత్తు. నీ పటం అంత నిటారుగా, అంత శుభ్రంగా ఎందుకుందో ఇప్పుడు అర్థమైందా? వంశవృక్షం రాసేవాడికి క్లోవిస్ చేసిపెట్టిన సాయం అది.

బంధుత్వాల మాట వచ్చింది కాబట్టి ఒక తప్పు. క్లోవిస్ కొడుకు క్లోడొమెర్ 524లో యుద్ధంలో చచ్చిపోయాక అతని పిల్లల్ని "మామలు" చంపారని రాశావు. ఇంగ్లీషులో ఎక్కడో చదివి ఉంటావు. ఆ భాషలో ఒకే మాట అన్నిటికీ సరిపోతుంది, మనకి సరిపోదు. చైల్డెబెర్ట్, క్లోటార్ ఇద్దరూ క్లోడొమెర్ తమ్ముళ్లు, అంటే ఆ పిల్లలకి బాబాయిలు. మేనమామ చంపితే ఒక కథ, బాబాయి చంపితే ఇంకో కథ. బాబాయికి ఆస్తిలో వాటా ఉంటుంది. క్లోవిస్ భార్య క్లోటిల్డా తండ్రిని చంపిన గుండోబాద్ కూడా ఆవిడకి మామ కాదు. నలుగురు అన్నదమ్ముల పేర్లు చెబుతూ గ్రెగరీ అతన్ని ముందు చెప్పాడు, పెదనాన్న అనొచ్చు. క్లోవిస్‌తో పుట్టిన ఆడవాళ్లు ఆడోఫ్లెడా, ఆల్బోఫ్లెడా అతనికి అక్కలో చెల్లెళ్లో పాత పుస్తకాలు చెప్పవు. అలాంటిచోట మనకి "తోబుట్టువు" అనే చక్కటి మాట ఉంది, వాడుకో.

ఆ బాబాయిల కథ ఎలాగూ రాస్తావు. రాసేటప్పుడు ఏడుపు నువ్వు ఏడవకు. పారిస్‌లో ముగ్గురు పిల్లలూ నానమ్మ క్లోటిల్డా దగ్గర ఉన్నారు. రాజుల్ని చేస్తాం పంపమని కబురొచ్చింది, సంతోషంగా పంపింది. తర్వాత ఒక మనిషి రెండు వస్తువులు పట్టుకుని ఆవిడ ముందుకొచ్చాడు. ఒక కత్తెర, ఒర తీసిన ఒక కత్తి. జుట్టు తీయించి బతకనివ్వాలా, చంపాలా? ఆవిడ కోపంలో, రాజ్యం లేకపోతే జుట్టు లేకుండా బతకడం కన్నా చచ్చిపోవడమే నయం అంది. పెద్దవాడికి పదేళ్లు, రెండోవాడికి ఏడు. పెద్దవాణ్ణి క్లోటార్ పొడిచాడు. చిన్నవాడు చైల్డెబెర్ట్ మోకాళ్లు పట్టుకున్నాడు. ఆ బాబాయికి కళ్లనీళ్లు వచ్చాయి, వీణ్ణి వదిలెయ్యమన్నాడు. ఈ పని మొదలెట్టించింది నువ్వే కదా అని క్లోటార్ కసిరాడు. చైల్డెబెర్ట్ పిల్లాణ్ణి అతని వైపు తోసేశాడు. మూడోవాడు క్లోడోఆల్డ్ తప్పించుకుని, తన జుట్టు తానే కత్తిరించుకుని సన్యాసంలో కలిశాడు. పారిస్ పక్కన సెయింట్ క్లూ ఊరు అతని పేరు మీదిదే. చాలు. కత్తెరా, కత్తీ, మోకాళ్లూ ఉన్నాయి. నీ ప్రతిలో ఉన్న "హృదయవిదారకమైన", "అమానుషమైన" రెండూ కొట్టేశాను.

క్లోటిల్డా విధవరాలై చివరి రోజులు తూర్‌లోనే గడిపి 544 ప్రాంతంలో అక్కడే పోయింది. గ్రెగరీ ఆ ఊరికి బిషప్పుగా వచ్చింది 573లో. ఆవిణ్ణి ఎరిగిన ముసలివాళ్లు ఊళ్లో ఇంకా ఉండే ఉంటారు. ఇది నా ఊహ. ఊహ అని చెప్పి రాస్తే తప్పులేదు.

పేర్ల సంగతి. ఒకచోట క్లోవిస్, ఇంకోచోట క్లోడోవెక్, మరోచోట క్లోడ్విగ్ అన్నావు. చదివేవాడు ముగ్గురనుకుంటాడు. ఒకటి పట్టుకుని ఉండు, పాత రూపం ఒక్కసారి చెప్పు. ఎందుకు చెప్పాలంటే, ఆ క్లోడోవెక్కే అరిగి అరిగి లూయీ అయింది. పద్దెనిమిదో లూయీ దాకా ఫ్రాన్స్ రాజులు క్లోవిస్ పేరే మోశారు. ఇంకా మంచి ముక్క చెబుతాను. 751లో రాజు పేరుతో పెత్తనం చేస్తున్న పెపిన్ ఆఖరి మెరోవింజియన్ రాజు మూడో చిల్డెరిక్ జుట్టు కత్తిరించి మఠానికి పంపి తాను రాజయ్యాడు. ఆ పెపిన్ కొడుకే తర్వాత చక్రవర్తి అయిన షార్లమేన్. 778లో అతనికి కవలలు పుడితే ఏం పేర్లు పెట్టాడో తెలుసా? లూయీ, లోతార్. అంటే క్లోవిస్, క్లోటార్. గద్దె దింపిన వంశం పేర్లు తెచ్చి సొంత పిల్లలకి పెట్టుకున్నాడు. నీ వ్యాసం ఆఖరి పేజీకి ఇది సరిపోతుంది, "ఇట్లు ఆ మహావంశము అంతరించినది" కన్నా.

ఆ "అంతరించినది" చూసి ఇంకోటి చెప్పాలనిపించింది. "క్లోవిస్ యొక్క పితామహుడైన మెరోవెక్ యొక్క జననము రహస్యావృతమైయున్నది" అని రాశావు. మీ అమ్మతో ఫోన్‌లో ఇలాగే మాట్లాడతావా? గ్రెగరీ తన లాటిన్ మొరటుదని ముందుమాటలో ఒప్పుకున్నాడు. తత్వం చెప్పే పండితుడి మాట కొందరికే అర్థమవుతుంది, పల్లెటూరివాడి మాట చాలామందికి అర్థమవుతుందని జనం అంటుంటే విని, ధైర్యం చేసి రాశానన్నాడు. ఆ మొరటు లాటినే లేకపోతే కత్తెరా లేదు, గొడ్డలీ లేదు.

రెండో ప్రతి ఉంగరంతో మొదలుపెట్టు. పటం మానెయ్యకు, పాఠకులు దాన్నే ముందు చూస్తారు. చిల్డెరిక్ నుంచి కిందికి నిండుగీత, మెరోవెక్ దగ్గర చుక్కలగీత, క్లోడియోని కాస్త ఎడంగా పెట్టు. ఫారమండ్‌ని తీసెయ్. చనిపోయిన దాయాదుల్ని పక్కన పేరుపేరునా వెయ్యి. ఈసారి కాగితానికి పట్టేలా గీయి, నాకు వచ్చే నెల కంటి ఆపరేషన్ ఉంది, అక్షరాలు కూడా కాస్త పెద్దవి పెట్టు.

ఉంటాను.

నువ్వు మాస్టారూ అని పిలిచే,
నేను